నాలుగు రిసీవర్లు ఒప్పుకున్న చోటు

ఆ రోజు యాంటెన్నాలు నాలుగూ విప్పి బల్ల మీద పెట్టాను. వాటి స్థానంలో రేడియో రిసీవర్ల నోళ్ళకు ఇత్తడి మూతలు బిగించాను. ఆ మూత బిగిస్తే బయటి తరంగం ఏదీ లోపలికి రాదు. రిసీవరుకు వినపడేదల్లా దాని సొంత రొదే. అలాంటప్పుడు నా ప్రోగ్రాం "ఖాళీ" అని చెప్పాలి. తెర మీద "ఎవరో ఉన్నారు" అని వచ్చింది.

ఆ మాటలు నేను పెట్టినవే. పరిశోధనలో చేరిన కొత్తలో ఒకటి, సున్నా అని చూసి చూసి విసుగొచ్చి, సిగ్నల్ దొరికితే "ఎవరో ఉన్నారు", దొరక్కపోతే "ఖాళీ" అని తెలుగులో వచ్చేట్టు రాసుకున్నాను. సరదాకి చేసిన పని. తిరుపతిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ మూడో అంతస్తులో, పట్టపగలు, నోరు మూసిన పెట్టెలు ఎవరో ఉన్నారని మళ్ళీ మళ్ళీ చెబుతుంటే ఆ సరదా ఎటో పోయింది.

మా ల్యాబ్‌లో టెక్నీషియన్ చిత్తూరు మనిషి. వాళ్ళ నాన్నకు బజారులో రేడియోలు బాగుచేసే అంగడి ఉండేదట. చిన్నప్పటి నుంచీ సాల్డరింగ్ పొగలో పెరిగినవాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు. కాలేజీ మొత్తం ఆయన్ని భాయ్ అనే పిలిచేది.

"మూత సరిగ్గా బిగిసిందో లేదో సూడు పాపా," అన్నాడు.

చూశాను. బిగిసే ఉంది.

"అట్లయితే లోపల ఇంగెవురుంటారు?" అని నవ్వాడు. నవ్వుతూనే ఎందుకో తలుపు వైపు తిరిగి చూశాడు. నేనూ చూశాను. వరండా ఖాళీగా ఉంది.

నేను చేస్తున్న పనిని స్పెక్ట్రమ్ సెన్సింగ్ అంటారు. ప్రతి టీవీ చానెలుకీ, ప్రతి ఫోన్ కంపెనీకీ గాలిలో కొంత చోటు కేటాయించి ఉంటుంది. ఆ చోటు చాలాసార్లు ఖాళీగానే పడి ఉంటుంది. సొంతదారు మాట్లాడనప్పుడు ఆ చోటుని వాడుకుని, అతను గొంతు సవరించుకోగానే పక్కకు తప్పుకునే రేడియోని కాగ్నిటివ్ రేడియో అంటారు. తప్పుకోవాలంటే ముందు సొంతదారు ఉన్నాడా లేడా అన్నది తెలియాలి. రొద మధ్యలో చాలా సన్నగా ఉన్నా తెలియాలి. నా పని అది.

నాలుగు రిసీవర్లు పెట్టుకుని, వాటి బలాలను పోల్చి, ఒకవైపు బలం ఎక్కువగా మొగ్గితే సిగ్నల్ ఉన్నట్టు లెక్కగట్టే పద్ధతి నాది. పుస్తకాల్లో నాలుగు రిసీవర్ల రొద సమానంగా ఉంటుందని రాసి ఉంటుంది. నా నాలుగింటిలో అది ఎప్పుడూ సమానంగా లేదు. మూడోది మిగతావాటికంటే ఎక్కువ వేడెక్కేది, ఎక్కువ గోల చేసేది. ఆ ఒక్కదాని గోలనే నా ప్రోగ్రాం ఎవరిదో గొంతు అనుకుంటోంది.

మా సార్‌కు చూపిస్తే కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నీ రిసీవర్లు నీకే అబద్ధం చెప్తున్నాయమ్మా. అవి అబద్ధం చెప్పినా నిజం తెలిసే దారి చూడు," అన్నారు.

ఆ దారి చూడడానికి ఏడాది పట్టింది. చివరికి దొరికింది చెప్పుకుంటే చిన్న సంగతే. ఎవరు ఎంత గట్టిగా అరుస్తున్నారన్నది వదిలేయాలి. ఒక్కో రిసీవరునీ దాని సొంత రొదతోనే కొలిచి అన్నింటినీ ఒక మట్టానికి తేవాలి. ఆ తర్వాత ఒకదానికొకటి ఏమైనా పోలిక ఉందా అని మాత్రమే చూడాలి. ఎవరి రొద వారిది. ఒకదాని రొద ఇంకోదానికి తెలియదు. నాలుగింటిలోనూ ఒకే కదలిక కనపడిందంటే అది లోపలిది కాదు, బయటి నుంచి వచ్చింది. ఇత్తడి మూతలు బిగించి రెండు రోజులు వదిలేశాను. వరుసగా "ఖాళీ", "ఖాళీ" అని వచ్చింది. ఆ పూట హాస్టల్‌కి వెళ్ళి హాయిగా నిద్రపోయాను.

ఇక బయట కొలవాలి. భాయ్ సొంత పాత వ్యాన్‌లో రిసీవర్లు, బ్యాటరీలు వేసుకుని బయలుదేరాం. పాత టీవీ ప్రసారాలు ఆగిపోయాక ఖాళీ అయిన చానెళ్ళు మాకు కావాలి. కాణిపాకం దగ్గర ఒక చెరకుతోట గట్టున కొలిచాం, ఖాళీ. చిత్తూరు అవతల రాతి క్వారీ పక్కన కొలిచాం, ఖాళీ. ఎండకు మూడో రిసీవరు చేయి పెట్టలేనంత కాలినా ప్రోగ్రాం మోసపోలేదు.

అప్పుడు పూతలపట్టు దాటాక, రోడ్డు నుంచి లోపలికి నాలుగైదు కిలోమీటర్లు పోయి, ఒక గుట్ట ఎక్కాం. వెనక పెద్ద కొండ అడ్డం. టౌన్లోంచి ఏ తరంగమూ అక్కడికి చేరదు. గుట్ట కింద ముప్పై ఇళ్ళ ఊరు, చుట్టూ మామిడితోటలు. ఇంతకంటే నిశ్శబ్దమైన చోటు జిల్లాలో దొరకదని భాయ్ అన్నాడు.

పొద్దున తొమ్మిదికి "ఖాళీ" అని ఉన్న తెర, పదికి కాస్త ముందు మారింది. ఎవరో ఉన్నారు.

ఇత్తడి మూతలు బిగించి చూశాను. ఖాళీ. తీసి యాంటెన్నాలు పెట్టాను. ఎవరో ఉన్నారు. నాలుగు రిసీవర్లూ ఒప్పుకుంటున్నాయి. ప్రసారం ఆగిపోయిన చానెల్ మీద, సన్నగా, కదిలీ కదలకుండా, ఏదో ఒకటి నిలబడి ఉంది. మాట లేదు, పాట లేదు. సాయంత్రం నాలుగు దాటాక దానంతటదే పోయింది.

మర్నాడూ అంతే. ఆ తర్వాతి రోజూ అంతే. నాలుగో రోజు ఊళ్ళో ఎవరిదో పెళ్ళి. మైకు పెట్టారు, జనం ఎవరూ పనికి పోలేదు. ఆ రోజంతా చానెల్ ఖాళీ. మరుసటి రోజు జనం తోటలకు పోయారు. పదికల్లా అది మళ్ళీ వచ్చింది.

భాయ్ గుట్ట అంచున కూర్చుని కిందికి చూస్తూ బీడీ కాలుస్తున్నాడు. "పాపా, నేనొకటి సూసినా," అన్నాడు. "ఊళ్ళోంచి కడపటి మనిషి పోయినాకనే ఇది వస్తా ఉండాది. మనుషులు తిరిగొచ్చే యాళకు పోతా ఉండాది."

నేను కొట్టిపారేయలేదు. నా నోట్‌బుక్‌లో రాసుకున్న వేళలు కూడా అదే చెబుతున్నాయి.

మర్నాడు చేత్తో పట్టుకుని తిప్పే యాంటెన్నా తెచ్చాం. అది ఎటు తిప్పితే మీటరు ముల్లు ఎక్కువ లేస్తుందో సిగ్నల్ అటునుంచి వస్తున్నట్టు. గుట్ట మీద నుంచి ఊరివైపు తిప్పితే లేచింది. దిగి నడిచాం. దిగే కొద్దీ బలంగా లేచింది. ఊళ్ళోకి అడుగు పెట్టగానే పడిపోయింది. వెనక్కి నాలుగు అడుగులు వేస్తే లేచింది. మళ్ళీ ముందుకు పోతే పడిపోయింది. మేం దగ్గరికి వస్తున్నామని తెలిసి ఊపిరి బిగబట్టినట్టు.

మధ్యాహ్నం పన్నెండు. వీధిలో మనిషి లేడు. తలుపులకు గొళ్ళేలు. దండేల మీద బట్టలు. ఒక ఇంటి ముందు చాట, అందులో సగం ఒలిచిన చెనిక్కాయలు. అరుగు కింద కుక్క ఒకటి తలెత్తి మమ్మల్ని చూసింది కానీ మొరగలేదు. మా చెప్పుల చప్పుడు మాకే గట్టిగా వినపడుతోంది.

"గమ్మునుండు," అన్నాడు భాయ్. ఆయన చెవి ఒగ్గి విన్నాడు. అప్పుడు నాకూ వినపడింది. నూనెలో నీళ్ళు చిందితే లేచే చప్పుడు లాంటిది. కానీ ఆగకుండా, ఒకే తీరుగా.

వీధి చివరి మిద్దె లోంచి వస్తోంది. బయట గొళ్ళెం వేసి ఉంది, తాళం లేదు. మిద్దె మీద ఇనప గొట్టానికి పాత టీవీ యాంటెన్నా, దాని మొహం మా గుట్టవైపు. కిటికీ రెక్క ఓరగా తెరిచి ఉంది. నేను లోపలికి తొంగిచూశాను.

వెలుతురు లేని గదిలో పాత డబ్బా టీవీ వెలుగుతోంది. తెర నిండా తెల్లటి చుక్కల వాన. శబ్దం బాగా పెంచి ఉంది. ఎదురుగా మంచం, మంచం మీద ఒక మనిషి. వెల్లకిలా పడుకుని, మెడ మాత్రం ఇటు తిప్పి, ఆ తెరనే చూస్తున్నాడు. మా నీడ పడిందేమో, కళ్ళు మావైపు తిరిగాయి. భయపడలేదు, ఆశ్చర్యపోలేదు. ఎడమచేయి మెల్లగా లేపి, చూపుడువేలు పెదాల మీద పెట్టుకున్నాడు. మాట్లాడొద్దని. తర్వాత ఆ వేలితోనే టీవీ చూపించాడు. వినమని.

నేను విన్నాను. నిజం చెప్పాలంటే, కిటికీ ఊచ పట్టుకుని, ఊపిరి ఆపి విన్నాను. మూడేళ్ళుగా రొదలోపల ఎవరైనా ఉన్నారా అని వెతుకుతున్నదాన్ని నేను. అంత శ్రద్ధగా ఎప్పుడూ విన్నట్టు లేదు. పక్కన భాయ్ ఉర్దూలో ఏదో ప్రార్థన గొణుక్కుంటూ రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎవురమ్మా మీరు? కరెంటోళ్ళా?"

ఉలిక్కిపడ్డాను. తలకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో కొడవలితో ఒక ఆమె వీధిలో నిలబడి ఉంది. యాభై ఏళ్ళుంటాయి. మేం గుట్ట దిగడం తోటలోంచి చూసి వచ్చిందట. ఎవరమో, ఎందుకొచ్చామో చెప్పాను. ఆమెకు అందులో ఒక్క ముక్కే అందింది.

"మా టీవీ నుంచి మీకు అడ్డం వస్తా ఉండాదా?"

"టీవీ కాదక్కా, పైనుండే బూస్టర్," అన్నాడు భాయ్. యాంటెన్నా కింద కట్టిన చిన్న డబ్బాను చూపించాడు. సిగ్నల్ పెంచాల్సిన ఆ డబ్బా పాతబడి, దానంతటదే కూత పెడుతోందని ఆయన చూడగానే పసిగట్టాడు. ఆ కూత యాంటెన్నా మొహం ఉన్న వైపుకే పోతుంది. అందుకే గుట్ట మీద బలంగా ఉంది, ఇంటి వెనక వీధిలో లేదు. పట్టుకున్న కిటికీ ఊచ అప్పటికి వదిలాను.

ఆమె గొళ్ళెం తీసి లోపలికి రమ్మంది. మంచం మీదున్నది ఆమె భర్త. బోర్లు వేసే రిగ్గు మీద ఇరవై ఏళ్ళు పనిచేశాడట. పక్షవాతం వచ్చి కుడివైపూ, మాటా రెండూ పోయాయి. డిష్ పెట్టె పిడుగుకు కాలిపోయాక టీవీలో ఏమీ రావడం లేదు. అయినా అదే కావాలంటాడు. ఆమె పనికి పోతూ టీవీ, బూస్టర్ రెండూ పెట్టి పోతుంది, వచ్చాక ఆపుతుంది. పెట్టకపోతే మంచాన్ని కొడుతూ మూలుగుతాడు. వేళలన్నీ సరిపోయాయి.

"బూస్టర్ కరెంటు తీసేద్దాం, టీవీ అట్లనే ఉండనీలే," అన్నాడు భాయ్. బూస్టర్ ప్లగ్ వంటగదిలో ఉంది. మంచం మీది మనిషికి అది కనపడదు. భాయ్ లోపలికి వెళ్ళాడు. నేను టీవీ పక్కనే నిలబడ్డాను. చుక్కల వానలో గానీ, చప్పుడులో గానీ నాకు ఏ మార్పూ తెలియలేదు. అంతలో ఆ మనిషి గొంతులోంచి ఒక మూలుగు లేచింది. ఎడమచేత్తో మంచం పట్టె మీద కొట్టడం మొదలుపెట్టాడు. కళ్ళమ్మట నీళ్ళు.

"పెట్టేయన్నా, పెట్టేయ్," అంది ఆమె.

భాయ్ ప్లగ్ పెట్టాడు. చేయి ఆగింది. మూలుగు ఆగింది.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వంటగదిలోకి వెళ్ళి, చెప్పాపెట్టకుండా, ఒకసారి వెంటనే, ఒకసారి బాగా ఆలస్యంగా తీసి పెట్టమని భాయ్‌ని అడిగాను. మనసులో ఉన్నది పరిశోధకురాలి బుద్ధి. ఒకసారి అయితే కాకతాళీయం కావచ్చు. భాయ్ అయిష్టంగానే చేశాడు. ప్రతిసారీ ఆ మనిషికి తెలిసిపోయింది. ఒక్కసారి కూడా పొరబడలేదు. చివరిసారి ప్లగ్ తీయకుండా ఊరికే చప్పుడు చేయమన్నాను. అతను కదలలేదు. నావైపు మాత్రం చూశాడు. నేనేం చేస్తున్నానో తెలిసిన చూపు. చాలించాను.

దీనికి నా దగ్గర సమాధానం ఉంది. బూస్టర్ లేకపోతే టీవీలో వినపడేది దాని సొంత రొద. బూస్టర్ ఉంటే బయటి గాలి రొద, దాని కూత కూడా కలుస్తాయి. ఇరవై ఏళ్ళు రిగ్గు చప్పుడు విన్న చెవి ఆ తేడా పట్టి ఉండొచ్చు. ఆ సమాధానం తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు.

బయట అరుగు మీద ఆమె మాకు మజ్జిగ ఇచ్చింది. గొంతు తగ్గించి చెప్పింది.

"అందులో ఎవురో మాట్లాడతారని సైగ చేస్తాడు. ఎవురని అడిగినా. మీయమ్మా అన్నా. కాదన్నాడు. మీ నాయనా అన్నా. కాదు. రిగ్గు కింద పడి సచ్చిపోయినాడే ఆ పిల్లోడా అన్నా. కాదు. శానామంది పేర్లు చెప్పినా, అన్నిటికీ తలకాయ అడ్డంగా తిప్పినాడు. కడాకు, నేనేనా అని ఎగతాళికి అడిగినా." ఆమె తువ్వాలుతో మెడ తుడుచుకుంది. "అవునని తలకాయ ఊపినాడు."

భాయ్ మజ్జిగ గ్లాసు అరుగు మీద పెట్టాడు.

"నేను తోటలో కలుపు తీస్తా ఉంటాను. మరి ఈడ మాట్లాడేది ఎవురమ్మా? ఏం చెప్తా ఉంటుంది ఆయనకి?"

బూస్టర్ పీకకుండానే వచ్చేశాం. మా సార్ కోప్పడ్డారు. "నీ పద్ధతి బాగా పనిచేసింది, దొరికిన దొంగను పట్టుకోకుండా వచ్చావు," అన్నారు. ఆ మనిషి సంగతి చెప్పాను. ఆయన వేరే చోటు వెతుక్కోమన్నారు. సత్యవేడు దగ్గర, మా సొంత ఊరి పొలాల్లో కొలతలు పూర్తిచేశాను. రెండు నెలలు ఆలస్యమైంది.

వానలు పడుతున్న రోజుల్లో ఆమె ఫోన్ చేసింది. నంబరు భాయ్ ఇచ్చి వచ్చాడు. భర్త పోయాడని, ఆ గొట్టం మీదున్నదంతా దింపి తీసుకుపొమ్మని అడిగింది. వెళ్ళాం. భాయ్ మిద్దె ఎక్కి యాంటెన్నా, బూస్టర్ విప్పి దింపాడు. టీవీ మీద పాత చీర కప్పి ఉంది.

"ఆయన పోయిన పొద్దు నేను ఇంట్లోనే ఉండా," అంది ఆమె, తడిసిన తీగ చుడుతూ. "టీవీ ఆపేసి పక్కన కూసోని మాట్లాడతా ఉండా. వినలా. టీవీ దిక్కే చెయ్యి చూపిస్తా ఉండాడు. నేను ఈడనే ఉండా కదయ్యా, నాతో మాట్లాడు అన్నా. ఊహూఁ. టీవీ పెట్టినా. అప్పుడు నెమ్మదిగా కండ్లు మూసుకున్నాడు."

"ఆ తర్వాత నువ్వు విన్నావా అక్కా?" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఒక పూటంతా కూసున్నా. ఉత్త సద్దే." ఆమె నావైపు తిరిగింది. "నువ్వు చదువుకున్నావు కదమ్మా. ఆ మిషన్లు పెట్టి చూసినావు. అందులో ఎవురైనా ఉండారా లేదా?"

ఆలోచించుకుని చెప్పాను. ఎవరున్నారో నా మిషనుకు తెలియదని, అది రొద ఒక్కటేనా కాదా అన్నంతవరకే చెప్పగలదని, ఆ రోజుల్లో మాత్రం అది రొద ఒక్కటే కాదని చెప్పిందని. బూస్టర్ సంగతి మళ్ళీ వివరించబోయాను. ఆమె చేయి ఊపి వద్దంది.

గుట్ట మీదికి పోయి సాయంత్రం దాకా కొలిచాం. వాన తెరిపిచ్చింది. పది దాటింది, పన్నెండు దాటింది, నాలుగు దాటింది. మొదటి నుంచీ చివరిదాకా ఖాళీ. నోట్‌బుక్‌లో ఆ మాట రాసి, కిందికి చూశాను. వీధి చివరి మిద్దె మీద ఉత్త గొట్టం నిలబడి ఉంది.

తిరిగి వస్తుంటే ఆమె దారిలో చేయి ఎత్తింది. పూతలపట్టులో చెల్లెలి ఇంటికి పోవాలట. వ్యాన్ ఎక్కి, రిసీవర్ల పెట్టెల మధ్య సర్దుకుని కూర్చుంది. ఎక్కినప్పటి నుంచీ మాట్లాడుతూనే ఉంది. ఈ ఏడు తోతాపురి మామిడికి పురుగు పట్టిందని, చెల్లెలి కోడలికి ఏడో నెలని, మిద్దె ఉరుస్తోందని. భాయ్ ఇంజిన్ చప్పుడు తగ్గేట్టు వ్యాన్‌ని మెల్లగా నడుపుతున్నాడు. నేను వెనక్కి తిరిగి, సీటు మీద గడ్డం ఆనించి, ఆమె చెప్పేదంతా వింటూ కూర్చున్నాను. రోడ్డు మీదికి వచ్చినా ఆమె ఆపలేదు. మేమూ ఆపమనలేదు.